రింగ్‌లోంచి దింపే మాస్టారికి జీతమెవరిస్తారు?

ఈమధ్య విశాఖలోని మల్కాపురంలో ఒక సన్మాన సభకి వెళ్లాను. కాలనీ కుర్రాళ్లు కొందరు కలిసి, చుట్టుపక్కల పిల్లలకి ఆటలు నేర్పేవాళ్లని పిలిచి శాలువాలు కప్పారు. మా మేనల్లుడికి బాక్సింగ్ నేర్పే మాస్టారు కూడా వాళ్లలో ఉన్నారు. మైకు పట్టుకున్నాయన ఆయన్ని పరిచయం చేస్తూ, "ఒకప్పటి స్టేట్ చాంపియన్. అంతకుమించి పైకెళ్లే యోగం లేకపోయినా, తీరని ఆ కలని ఈరోజు మన పిల్లల్లో చూసుకుంటున్నారు" అన్నాడు. జనం గట్టిగా చప్పట్లు కొట్టారు. మాస్టారు దణ్ణం పెట్టి, శాలువా మడిచి చంకలో పెట్టుకుని స్టేజీ దిగిపోయారు.

ఆ మాట నన్ను ఇంటిదాకా వదల్లేదు. తన తీరని కలని పిల్లల్లో చూసుకునే కోచ్ అంటే నాకు భయం. వేరే ఆటల్లో ఆ కోరిక మహా అయితే పిల్లాడి చదువునీ సరదానీ తినేస్తుంది. బాక్సింగ్‌లో తలని తినేస్తుంది. మా మాస్టారంటే నాకు గౌరవం కలిగిందే ఆయన అలాంటి మనిషి కానందుకు. రాష్ట్ర స్థాయిలో ఆడి, తర్వాత కోచ్‌గా మారినవాళ్ల పనితనం పిల్లల్ని రింగ్‌లోకి ఎక్కించేటప్పటికన్నా దింపేటప్పుడు బాగా తెలుస్తుందని నా అభిప్రాయం. ఆ పనికి మన దగ్గర పైసా రాదు సరికదా, దింపిన ప్రతిసారీ ఆ కోచ్ జేబుకే చిల్లు పడుతుంది. నా గొడవంతా దాని గురించే.

స్టేట్ దగ్గర ఆగిన కథ

ముందు "యోగం లేకపోవడం" సంగతి చూద్దాం. మాస్టారి తండ్రి షిప్‌యార్డులో కాంట్రాక్టు వెల్డరు. చిన్నప్పుడు వన్‌టౌన్‌లో ఒక తాలింఖానాకి కర్రసాము నేర్చుకోడానికి వెళ్తే, అక్కడ మూలన వేలాడదీసిన బస్తా ఆయన్ని పట్టేసిందట. ఇసకా పాత గుడ్డలూ కుక్కిన బస్తా. కర్ర పక్కన పెట్టి దాని వెంట పడ్డారు. 60 కిలోల విభాగంలో ఉమ్మడి రాష్ట్రానికి చాంపియన్ అయ్యేనాటికి ఆయనకి ఇరవయ్యో ఇరవై ఒకటో.

సరిగ్గా ఆ తర్వాతే, 2012 డిసెంబరులో, మన దేశపు బాక్సింగ్ సమాఖ్యని అంతర్జాతీయ సంఘం సస్పెండ్ చేసింది. ఎన్నికల గొడవలు. 2013 ప్రపంచ పోటీల్లో మనవాళ్లు మన జెండా లేకుండా అంతర్జాతీయ సంఘం జెండా కింద ఆడాల్సి వచ్చింది. 2014లో ఆ సమాఖ్యని పూర్తిగా తీసేశారు. దాని స్థానంలో ఇంకోటి వచ్చి, అదీ ఏడాది తిరక్కుండా పడిపోయింది. ఇప్పుడున్న బాక్సింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా 2016 సెప్టెంబరులో గానీ నిలబడలేదు. మధ్యలో 2014 జూన్‌లో రాష్ట్రం రెండైంది. ఆ అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి, వాళ్లు ప్రాక్టీసు చేసే రేకుల షెడ్డు పైకప్పు ఎత్తుకుపోయింది.

పెద్ద ఆటగాళ్లకి ఈ గొడవల్లో జెండా పోయింది. మాస్టారిలాంటి వాళ్లకి ఉద్యోగం పోయింది. స్పోర్ట్స్ కోటా ఉద్యోగం అంటే చేతిలో గుర్తింపున్న సమాఖ్య ఇచ్చిన, చెల్లే సర్టిఫికెట్ ఉండాలి, అదీ వయసు దాటకముందే ఉండాలి. రైల్వేలో ఆ కోటాకి గరిష్ఠ వయసు 25. సమాఖ్య మళ్లీ నిలబడేసరికి ఆయనకి ఆ వయసు దాటిపోయింది. ఢిల్లీలో పెద్దమనుషులు కుర్చీల కోసం కొట్టుకుంటుంటే ఇక్కడ మల్కాపురంలో ఒక కుర్రాడి మంచి వయసు కరిగిపోయింది. దీన్ని యోగం ఖాతాలో రాసేస్తే ఎలా?

ఇప్పుడాయన తెల్లారి అయిదింటికి పిల్లలకి నేర్పుతారు. పగలు ఒక గోడౌన్‌లో సూపర్‌వైజర్. సాయంత్రం సిరిపురం వైపు ఒక జిమ్‌లో, ఒళ్లు తగ్గించుకోడానికి వచ్చే ఉద్యోగస్తులకి బాక్సింగ్ తరహా కసరత్తు చేయిస్తారు. డబ్బొచ్చేది ఆ జిమ్‌లోనే. పిల్లల దగ్గర నెలకి మూడొందలు తీసుకుంటారు, అదీ ఇచ్చినవాళ్ల దగ్గర.

కట్టు కట్టేటప్పుడు

పొద్దున్న మేనల్లుణ్ణి మాస్టారి షెడ్డు దగ్గర వదిలేది నేనే, బావగారు షిఫ్టుల్లో ఉంటారు కాబట్టి. అక్కడ బెంచీ మీద కూర్చుని చూడ్డం తప్ప నాకు పనేమీ ఉండదు. నాకు బాగా నచ్చేది తన చేతులకి తొడుక్కున్న మిట్ల మీద పిల్లలతో కొట్టించడం కాదు, యారాడ కొండ ఎక్కించడమూ కాదు. చేతులకి బ్యాండేజ్ కట్టడం.

స్పారింగ్, అంటే జోడీతో ప్రాక్టీసు బౌట్, ఉన్న రోజు ఆయన పిల్లలెవర్నీ సొంతంగా కట్టుకోనివ్వరు. పెద్దవాళ్లకి కూడా తనే కడతారు. బొటనవేలికి ముడి తగిలించి, అరచేతి వెనక నుంచి తెచ్చి, మణికట్టు చుట్టూ మూడు చుట్లు. మళ్లీ పైకి తెచ్చి పిడికిలి కణుపుల మీద మెత్తగా మూడు చుట్లు. తర్వాత వేళ్ల సందుల్లోంచి ఒక్కోటీ లాగి, చివరికి మణికట్టు దగ్గర అతికిస్తారు. ఆ రెండు మూడు నిమిషాలూ పిల్లాడి మొహం ఆయన మొహానికి జానెడు దూరంలో ఉంటుంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటాయి, నోరు మాత్రం అడుగుతూనే ఉంటుంది. "రాత్రి ఏం తిన్నావురా? ఎన్నింటికి పడుకున్నావు? మొన్నటి తలనొప్పి తగ్గిందా? నిన్న బడిలో నిద్రొచ్చిందా? ఏదీ, ఇటు చూడు."

మొదట్లో అదంతా అభిమానం కొద్దీ మాట్లాడుతున్నారనుకున్నాను. కొన్నాళ్లు చూస్తే అర్థమైంది, ఆయన పరీక్ష చేస్తున్నారు. జవాబు ఆలస్యంగా వచ్చినా, కళ్లు ఎటో చూస్తున్నా, సగం కట్టిన కట్టు విప్పేస్తారు. "ఇయ్యాల స్కిప్పింగ్ చాల్రా" అంటారు. కారణం చెప్పరు. తర్వాత గోడకి తగిలించిన సంచీలోంచి రూళ్ల నోటుపుస్తకం తీసి తారీకు వేసి ఏదో రాసుకుంటారు. ఒకసారి చూపించమంటే చూపించారు. ఒక్కో పిల్లాడికీ నాలుగైదు పేజీలు. బరువు, తలకి గట్టిగా తగిలిన రోజు, ఎవరితో ఆడుతుంటే తగిలింది, ఆ రాత్రి వాంతి అయిందా లేదా.

అంతర్జాతీయ నిబంధనల్లో ఇలాంటి దానికి పద్ధతి ఉంది. తలకి దెబ్బలు తగిలి నాకౌట్ అయినా, వాటివల్ల రెఫరీ బౌట్ ఆపేసినా ఆ బాక్సర్ కనీసం 30 రోజులు పోటీల్లోనే కాదు, స్పారింగ్‌లో కూడా దిగకూడదు. మూడు నెలల్లో రెండోసారి అలా జరిగితే 90 రోజులు. ఏడాదిలో మూడుసార్లు జరిగితే ఏడాది పాటు దూరం. మంచి నిబంధనే. కానీ అది పనిచెయ్యాలంటే రింగ్ పక్కన డాక్టర్ ఉండాలి, బాక్సర్ రికార్డు బుక్కులో రాయాలి. పిల్లాడికి తగిలే దెబ్బల్లో ఎక్కువ భాగం పోటీల్లో తగలవు, ప్రాక్టీసులో తగులుతాయి. రేకుల షెడ్డులో పొద్దున్న ఆరింటికి డాక్టర్ ఎవరు? ఆ రోజు ఏం జరిగిందో తెలిసిన పెద్దమనిషి ప్రపంచంలో ఒక్కడే ఉంటాడు. అతను రాసుకుంటే రికార్డు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

తల్లిదండ్రులు హెడ్‌గార్డ్ ఉంది కదా అని ధైర్యంగా ఉంటారు. మా అక్క కూడా అంతే. హెడ్‌గార్డ్ వల్ల మొహం చిట్లడం తగ్గుతుంది. లోపల మెదడు కుదుపుకి గురికావడాన్ని అది ఆపలేదు. పిల్లల్ని పంపే ప్రతి ఇంట్లోనూ ఈ సంగతి తెలియాలి.

ఏమీ జరగని కుర్రాడు

ఇప్పుడు నా వాదనకి అడ్డుపడే సంఘటన చెప్తాను. దీన్ని దాటవేస్తే ఈ వ్యాసం రాయడమే దండగ.

పదహారేళ్ల కుర్రాడొకడు, చురుకైనవాడు, ఎడమచేతి ఆటగాడు. తనకన్నా బరువైనవాడితో స్పారింగ్‌లో కణత మీద కుడిచేతి దెబ్బ పడింది. పడిపోలేదు గానీ మోకాలు ఒక్కసారి వంగింది. నవ్వుతూ మళ్లీ గార్డ్ పట్టాడు. మాస్టారు గంట కొట్టేసి దింపేశారు. వారం తిరిగితే జిల్లా సెలక్షన్లు. "ఈ సారికి వద్దు" అన్నారు.

మర్నాడు వాళ్ల నాన్న వచ్చాడు. పోర్టులో కళాసీ. గొంతు పెంచలేదు, బతిమాలినట్టే అడిగాడు. "ఏటి మాస్టారూ, కుర్రోడు బాగానే ఉన్నాడు కదా. అన్నం తింటన్నాడు, ఆడుకుంటన్నాడు. ఈ ఏడాది సర్టిఫికెట్టొస్తే కాలేజీ సీటుకి పనికొస్తాది." మాస్టారు ఒకటే మాట, నెల దాటాక చూద్దామని. ఆ తండ్రి ఇంకో రెండు రోజులు చూసి, కుర్రాణ్ణి వేరే చోట చేర్పించాడు. అక్కడి నుంచి ఆ కుర్రాడు సెలక్షన్లకి వెళ్లాడు, కాంస్యం తెచ్చాడు. అతనికి ఏమీ కాలేదు. నిక్షేపంలా ఉన్నాడు, నిన్నగాక మొన్న గాజువాకలో కనబడి "బాగున్నారా అంకుల్" అని పలకరించాడు కూడా. అతనితో పాటు అతని స్నేహితులు ఇద్దరు మాస్టారి దగ్గర మానేశారు.

మరి మాస్టారు చేసింది తప్పా? దీని మీద చాలాసార్లు ఆలోచించాను. ఆ తండ్రి వైపు నుంచి చూస్తే తప్పే. ఒక ఏడాది అవకాశం పోయేది, ఆయన ధైర్యం చేసి వేరే చోటికి తీసుకెళ్లాడు కాబట్టి దక్కింది. కళాసీ కొడుక్కి సర్టిఫికెట్ అంటే ఏమిటో సర్టిఫికెట్ అందక ఉద్యోగం పోగొట్టుకున్న మాస్టారికి చెప్పాల్సిన పని లేదు. అయినా ఆపారు. పిల్లాణ్ణి ఆపిన కోచ్ తన మాట నిజమని ఎప్పటికీ నిరూపించలేడు. ఆపితే ఏమీ జరగదు, ఏమీ జరగలేదు కాబట్టి అనవసరంగా ఆపాడంటారు. ఆపకపోతే చాలామంది బాగానే ఉంటారు. మిగిలిన ఆ కొద్దిమందిలో ఎవరుంటారో ముందు తెలిసే దారి లేదు. ఇలాంటి నిర్ణయాన్ని ఫలితం చూసి తూకం వెయ్యకూడదు. ఆ రోజు, ఆ పూట, ఆయనకి తెలిసినదాన్ని బట్టి తూచాలి. మోకాలు వంగడం ఆయన చూశారు. చూశాక పంపలేదు. నా పిల్లాడైతే నేనూ అదే కోరుకుంటాను.

ఆ కాంస్యం గురించి కూడా ఒక మాట చెప్పాలి. బాక్సింగ్‌లో సెమీఫైనల్లో ఓడిన ఇద్దరికీ కాంస్యం ఇస్తారు. ఒక బరువు విభాగంలో నలుగురే పేర్లిస్తే ఒక్క బౌట్ కూడా గెలవకుండా మెడల్ ఖాయం. ఇది అందరికీ తెలుసు కాబట్టి జిల్లా పోటీలకి ముందు ఏ విభాగంలో పేర్లు తక్కువొచ్చాయో కనుక్కుని, పిల్లల్ని అందులో ఇరికిస్తారు. 54 కిలోల్లో ఉండాల్సినవాణ్ణి 50 కిలోలకి దింపుతారు. మే నెల ఎండలో రెయిన్‌కోటు తొడిగి పరుగెత్తించడం, మంచినీళ్లు మానిపించి ఉమ్మించడం నేను కళ్లారా చూశాను. అలా చేయించిన కోచ్ కూడా మంచి ఆటగాడే, ఆయనా పాత చాంపియనే. ఆయన చెడ్డవాడని కూడా అనను. మెడల్ వస్తే పేపర్లో ఫొటో పడుతుంది, ఫొటో పడితే జూన్‌లో కొత్త పిల్లలు చేరతారు, చేరితే షెడ్డు అద్దె గడుస్తుంది. అతని మెడ కూడా ఆ కత్తి కిందే ఉంది.

పాత చాంపియన్లందరూ మంచి కోచ్‌లా?

ఇక్కడొక మిత్రుడు నన్ను నిలదీశాడు. "నువ్వు ఒక్క మనిషిని చూసి మాట్లాడుతున్నావు. ఆడటం వచ్చినంత మాత్రాన నేర్పడం రాదు. ఈ పాత చాంపియన్లకి శాస్త్రం తెలీదు. వాళ్ల గురువు కొట్టాడు కాబట్టి వీళ్లూ కొడతారు, వాళ్ల గురువు నీళ్లు తాగనివ్వలేదు కాబట్టి వీళ్లూ తాగనివ్వరు" అన్నాడు. ఇందులో చాలా నిజముంది. పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా ఉంది, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సూ ఉంది. మన పిల్లలకి నేర్పే ప్రతివాడూ కనీసం ఆ ఆరు వారాలైనా చదవాలని నేనూ అంటాను. కానీ గోడౌన్‌లో ఆరు వారాలు సెలవు పెడితే ఉద్యోగం ఉంటుందా? మా మాస్టారు రెండుసార్లు దరఖాస్తు నింపి పంపకుండా ఉండిపోయారు. చదువుకోలేదని వాళ్లని తప్పుపట్టేముందు, చదువుకునే ఆరు వారాలు వాళ్ల ఇల్లెలా గడుస్తుందో ఎవరైనా చెప్పాలి.

విశాఖలో బాక్సింగ్ గురించి మాట్లాడితే ఎవరైనా వెంటనే చెప్పే పేరు ఐ. వెంకటేశ్వరరావు గారిది. 2011లో, కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు అందుకున్నారు. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2009లో ఇక్కడి స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా కేంద్రానికి వచ్చి ఆయన దగ్గరే సానబట్టింది. 2011లో టర్కీలో జూనియర్ స్థాయి ప్రపంచ స్వర్ణం, తర్వాత 2022లోనూ 2023లోనూ పెద్దల విభాగంలో ప్రపంచ టైటిళ్లు. మన ఊరి ఎన్. ఉష 2006 ప్రపంచ పోటీల్లో రజతం తెచ్చి, తర్వాత కోచ్‌గా మారింది, 2020లో ధ్యాన్‌చంద్ అవార్డు వచ్చింది. "చూడు, పెద్ద కోచ్‌లుంటే చాంపియన్లు వస్తారు" అని మా మిత్రుడి లెక్క.

నేను అవే పేర్లలో ఇంకోటి చూస్తాను. నిఖత్ విశాఖ రావడానికి ముందు నిజామాబాద్‌లో ఆమెకి గ్లవ్స్ తొడిగిన గురువు ఉన్నారు, సంసాముద్దీన్ అని. ఆయన లేకపోతే విశాఖకి పంపడానికి ఎవరుంటారు? ఇక స్పోర్ట్స్ అథారిటీ కోచ్‌కి నెల తిరిగితే జీతం వస్తుంది. ఈ నెల పిల్లాణ్ణి ఆపినా వస్తుంది, ఆపకపోయినా వస్తుంది. ఒక అమ్మాయి మీద రెండేళ్లు ఓపిక పట్టాలంటే మంచి మనసొక్కటే సరిపోదు, ఆ జీతం కూడా కావాలి. మల్కాపురం షెడ్డులో ఆ వెసులుబాటు లేదు.

ఇంకో అనుమానం కూడా ఉంది. ఇలాంటి మాస్టార్లు పిల్లల్ని జాగ్రత్త పేరుతో తమ దగ్గరే అట్టేపెట్టుకుంటారేమో? కొందరు అట్టేపెట్టుకుంటారు, నేను విన్నాను. అందుకే మా వాణ్ణి అకాడమీ హాస్టల్ సెలక్షన్‌కి పంపమంటారా అని సూటిగా అడిగాను. "పంపండన్నయ్యా, నా దగ్గర వాడికి జోడీ లేడు. తనకన్నా తక్కువ వాళ్లతో ఆడీ ఆడీ గార్డ్ దించేస్తన్నాడు. ఒకటే మాట, నా నోటుపుస్తకంలో వాడి పేజీలు జెరాక్స్ తీసి అక్కడి సార్‌కివ్వండి. చదువుతారో లేదో మనకి తెలీదు, మనమైతే ఇద్దాం" అన్నారు. ఆ మాట తర్వాత నాకు ఆ అనుమానం లేదు, కనీసం ఈ మనిషి విషయంలో.

హాజరుకి డబ్బివ్వండి

నేను అడిగేది గొప్ప కోరికేమీ కాదు. కేంద్ర ప్రభుత్వం 2020లో ఖేలో ఇండియా సెంటర్ల పథకం తెచ్చింది. మాజీ క్రీడాకారులే జిల్లాల్లో సెంటర్లు నడిపేలా, మొదట్లో ఒక్కసారి 5 లక్షలు, తర్వాత ఏటా 5 లక్షల సాయం. అందులో నాకు నచ్చిందేంటంటే, అంతర్జాతీయ ఆటగాళ్లతోనే ఆగకుండా, సీనియర్ నేషనల్స్‌లో రాష్ట్రం తరఫున ఆడినవాళ్లని కూడా అర్హుల్లో చేర్చారు. అంటే స్టేట్ దగ్గర ఆగినవాడు కూడా నేర్పడానికి పనికొస్తాడని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఇలాంటి సాయం జిల్లాకి ఒకటీ అరా చోట్ల ఆగిపోకుండా, నగరపాలక సంస్థ (జీవీఎంసీ) వార్డుల్లోని షెడ్లదాకా రావాలి. చుట్టూ పోర్టు, రిఫైనరీ, స్టీల్‌ప్లాంటు ఉన్న ఊరిది. సామాజిక బాధ్యత కింద ఆ సంస్థలు ఖర్చుపెట్టే డబ్బులో ఇదెంత?

ఇచ్చేటప్పుడు మాత్రం మెడళ్లు లెక్కపెట్టొద్దు. ఎంతమంది పిల్లలు క్రమం తప్పకుండా వస్తున్నారు, అమ్మాయిలెందరు, తలదెబ్బల పుస్తకం రాస్తున్నారా లేదా, ఏడాదికోసారి డాక్టర్ చూశారా, బరువు దింపడానికి నీళ్లు మానిపిస్తున్నారా అన్నవి చూడండి. మెడల్‌కి డబ్బిస్తే మెడల్ కోసం పిల్లాణ్ణి ఎండలో పరుగెత్తిస్తారు. ఏ పూటకా పూట పిల్లాణ్ణి చూసుకున్నందుకు డబ్బిస్తే పిల్లాణ్ణి చూసుకుంటారు.

"మెడల్ షరతు లేకపోతే పనిచెయ్యరు, జీతం తీసుకుని కూర్చుంటారు" అని మా మిత్రుడు చివరిదాకా ఒప్పుకోలేదు. కూర్చునేవాళ్లు కొందరుంటారు, కాదనను. అలాంటి చోట పిల్లలు రెండు నెలల్లో మానేస్తారు, హాజరు పట్టీలోనే బయటపడుతుంది. నా అనుభవంలో తెల్లారి అయిదింటికి లేచి, మూడొందలు ఇచ్చేవాడికీ ఇవ్వనివాడికీ ఒకేలా కట్టు కట్టే మనిషికి పని చెయ్యడానికి మెడల్ ఆశ అక్కర్లేదు. పిల్లాణ్ణి దింపినందుకు ఆ నెల ఇల్లు గడవదేమో అన్న టెన్షన్ లేకపోతే చాలు.